జరీ దారం ఏదో, కుట్టిన చెయ్యి ఎవరిదో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్ తో వచ్చే పుస్తకంలో పెళ్ళి బ్లౌజుల మీద రెండు పేజీలు వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయండి, మా షాపుకి వచ్చిన కస్టమర్లు ఆ పేజీ చింపి పట్టుకొచ్చి ఇలాగే కావాలి అన్నారు కూడా. కానీ ఆ రెండు పేజీల్లో ఏ నెక్ ఎవరికి నప్పుతుందో ఉంది, ఏ హీరోయిన్ ఏ ఫంక్షన్ కి ఏం వేసుకుందో ఉంది, ఆ పని ఏ దారంతో చేస్తారు, ఎవరు చేస్తారు, అది ఎన్నేళ్ళు నిలబడుతుంది అన్న ముక్క మాత్రం ఒక్కటీ లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అవుతుంది, వీలైతే కోత పెట్టకుండా వెయ్యండి.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులో మగ్గం వర్క్ చేస్తాను, అంటే చట్రానికి బట్ట బిగించి చేత్తో కుట్టే ఎంబ్రాయిడరీ. నాకు నేర్పింది కలకత్తా వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చిన ఒక భాయ్, ఆయన మళ్ళీ వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు చేస్తున్నారు, ఒకమ్మాయి నెల్లిమర్ల నుంచి, ఇంకో అమ్మాయి గజపతినగరం నుంచి బస్సు మీద వస్తారు.

మాకు టెక్కలి వైపు నుంచి వచ్చే ఒక కస్టమర్ ఉంది, పిన్నీ అంటాను నేను. వాళ్ళమ్మాయి ఇజ్రాయెల్ లో ఒక ముసలాయన్ని చూసుకునే పనిలో ఉంది, మన వైపు నుంచి అలా వెళ్ళినవాళ్ళు ఉన్నారు కదా. పిన్ని ఒకరోజు ఫోన్ చూపించి "మా గుంట ఫొటో ఎట్టింది సూడమ్మా, ఇది మన జర్దోసీయేనా, ఆ తాతగారి నాన్నదంట, దారం లేచిపోతందంట, ఏటైనా సెయ్యొచ్చా అడగమంది" అంది. జర్దోసి అంటే లోహపు దారంతో కుట్టే పని. చూస్తే తెల్ల ఉన్ని శాలువా, నల్ల చారలు, నాలుగు మూలలా కుచ్చులు, మెడ దగ్గర వచ్చే చోట బెత్తెడు వెడల్పు పట్టీ. ఆ పట్టీ అంతా వెండి దారం. ఫొటో పెద్దది చేసి చూశాను. లోహం అరిగిన చోట లోపల నుంచి కాటన్ తాడు కనిపిస్తోంది, తెల్లగా, పురికొస కంటే సన్నంగా, ఆ తాడు మీదుగా వెండి దారం పక్కపక్కనే పేర్చుకుంటూ అటూ ఇటూ వేసి, అంచున కనీ కనపడని సన్న దారంతో పట్టించారు. ఒక్క వరస కూడా ఇంకో వరస మీదకి ఎక్కలేదు. మా భాయ్ చూసుంటే ఆ ఫోన్ చేతిలోంచి వదిలేవాడు కాదు.

అదేంటో అప్పటి నుంచి నాకు దొరికినంత తెలుసుకున్నాను. యూదు మగవాళ్ళు పొద్దున ప్రార్థనప్పుడు కప్పుకునే ఆ శాలువాని టాలిట్ అంటారు, మెడ పట్టీని అటారా అంటారు. బైబిల్ చదివే ఇళ్ళల్లో సంఖ్యాకాండం 15వ అధ్యాయం తీస్తే బట్ట అంచులకి కుచ్చులు పెట్టుకోమని చెప్పిన మాట మన తెలుగులోనే ఉంటుంది, ఆ నాలుగు మూలల కుచ్చులు అవే. ఒక్కో మూలకి నాలుగు దారాలు మడిచి ఎనిమిది చేసి, చుట్టలు చుట్టి అయిదు ముళ్ళు వేస్తారు, ఆ లెక్కంతా వాళ్ళ 613 ఆజ్ఞలకి గుర్తు అంటారు. ఉన్ని, నార కలిపిన బట్ట వాళ్ళకి పనికిరాదు కాబట్టి ఏ దారం దేంట్లో కలిసిందో కూడా చూసుకుంటారు. అంటే ధర్మం కచ్చితంగా అడిగింది కుచ్చుల్ని, బట్టని. మెడ పట్టీ ఎవరూ అడగలేదు. 17వ శతాబ్దంలో పోలెండ్ లో ఒక పండితుడు రాసిన వ్యాఖ్యానంలో దీని గురించి ఉంది, ముందువైపు కుచ్చులు రోజూ ముందుకే రావాలని గుర్తు కోసం జనం తల వైపు పట్టు ముక్క కుడుతున్నారు అని. అంతకు ముందు శతాబ్దంలో ఇప్పటి ఇజ్రాయెల్ లోని సఫేద్ ఊళ్ళో ఉన్న ఇసాక్ లూరియా అనే పెద్ద గురువు అయితే అదసలు పట్టించుకోలేదట. అలా ఒక గుర్తు ముక్కగా మొదలైన దాని మీద జనం వెండి తెచ్చి పెట్టారు. ఎవరూ బలవంతం చెయ్యకుండానే తమ దగ్గరున్న మంచి వస్తువు, తమకి తెలిసిన మంచి పనితనం అక్కడ పెట్టారు, నాకు ఇది చాలా నచ్చింది.

ఆ తాడు మీద వెండి దారం పనికి పేరు పడిన ఊరు సాసూవ్. ఒకప్పుడు గలీసియా అనేవాళ్ళు ఆ ప్రాంతాన్ని, ఆస్ట్రియా రాజ్యంలో ఉండేది, తర్వాత పోలెండ్ లోకి వెళ్ళింది, ఇప్పుడు ఉక్రెయిన్ లో ల్వీవ్ వైపు ఉంది. చిన్న ఊరు. అక్కడి యూదు కుటుంబాలు అటారాలే కాదు, ఆడవాళ్ళ గుండెల మీద వేసుకునే పట్టీలు, మగవాళ్ళ టోపీలు కూడా ఇదే పనితో చేసేవాళ్ళు. తాడు లోపల ఉండటం వల్ల పని ఎత్తుగా లేస్తుంది, దూరం నుంచి చూస్తే వెండి లేస్ అనుకుంటారు.

లోహపు దారం సంగతి పని చేసేవాళ్ళకే తెలుస్తుంది, పేపర్ చదివేవాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి చెప్తాను. మామూలు దారం బట్టలోకి దూర్చి లాగొచ్చు, లోహపు దారాన్ని అలా లాగితే చుట్టిన రేకు చిట్లిపోతుంది, లోపలి దారం బయటపడుతుంది. సన్న జరీ అయితే ఆరి సూదితో, అంటే కొస కొక్కెంలా ఉండే సూదితో, కింద నుంచి పైకి లాగి గొలుసు కుట్టు వేసేస్తాం. మందం జరీ అలా కాదు, దాన్ని బట్ట పైనే పరిచి, మైనం రాసిన సన్న దారంతో మధ్య మధ్యలో పట్టించాలి. దబ్కా, నక్షి అయితే స్ప్రింగ్ లాగ చుట్టిన తీగ, దాన్ని కావలసిన పొడవుకి కత్తెరతో ముక్కలు చేసి పూస గుచ్చినట్టు సూదికి ఎక్కించి కుడతాం. ముక్క ఒక నూలు వాసి పెద్దదైతే వంగి లేస్తుంది, చిన్నదైతే పక్కన గుడ్డ కనిపిస్తుంది, రెండిట్లో ఏదైనా విప్పి మళ్ళీ వెయ్యాల్సిందే. చేతికి చెమట ఉంటే ముట్టుకోకూడదు, మా వైపు ఎండాకాలం ఉక్కకి అదే పెద్ద కష్టం, పక్కన పొడి గుడ్డ పెట్టుకుని తుడుచుకుంటూ చేస్తాం. సాసూవ్ వాళ్ళూ ఇదే పద్ధతి, పైన పరిచి కింద నుంచి పట్టించడమే. ఊళ్ళు వేరు, మతం వేరు, లోహం ఎక్కడైనా ఒకే రకంగా చిట్లుతుంది కాబట్టి చెయ్యి కూడా ఒకే రకంగా నేర్చుకుంటుంది.

ఇంకా పాతది కావాలంటే నిర్గమకాండం 39 చూడండి, అహరోను బట్టల కోసం బంగారాన్ని రేకులుగా కొట్టి, తీగలుగా కత్తిరించి, నీలం ఊదా ఎరుపు దారాలతో కలిపి నేసిన సంగతి అక్కడ ఉంది. మా వీధిలో చర్చికి వెళ్ళే అక్కకి చూపిస్తే "ఇన్నేళ్ళు చదివాను గానీ మీ పని ఇందులో ఉందని అనుకోలేదు" అంది.

సాసూవ్ గురించి ఇంకో సంగతి. అదే ఊళ్ళో మోషే లేబ్ అనే రబ్బీ, అంటే యూదు మతగురువు, ఉండేవారు, 1807లో చనిపోయారు. ఆయన చెప్పుకున్న కథ ఒకటి చాలా మందికి తెలుసట. ఇద్దరు రైతులు తాగుతూ కూర్చుంటారు, ఒకడు నేనంటే నీకు ఇష్టమేనా అంటాడు, రెండోవాడు చాలా ఇష్టం అంటాడు, మరి నాకు ఎక్కడ నొప్పో నీకు తెలుసా అని మొదటివాడు అడుగుతాడు, నాకెలా తెలుస్తుంది అంటాడు వీడు, తెలియకపోతే ఇష్టం అని ఎలా అంటున్నావ్ అంటాడు వాడు. మనిషిని ప్రేమించడం అంటే ఏంటో ఆ రైతు దగ్గరే నేర్చుకున్నాను అనేవారట ఆ రబ్బీ. మగ్గం వర్క్ అంటే మాకు ప్రాణం అనే కస్టమర్లు నాకు బోలెడు మంది ఉన్నారు, నిజంగానే ఇష్టం వాళ్ళకి, కాదనను. కానీ మంచం మగ్గం ముందు పొద్దుటి నుంచి వంగి కూర్చునే పిల్లకి నడుము ఎక్కడ పట్టేస్తుందో, బంగారు రంగు మీద లైట్ పడి కళ్ళు ఎలా లాగేస్తాయో ఎవరికి తెలుసు చెప్పండి.

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు సాసూవ్ ప్రాంతం యూదుల్ని చంపేశారు. చేసేవాళ్ళూ పోయారు, కప్పుకునేవాళ్ళూ పోయారు. బయటపడిన కొద్దిమంది చేతుల్లో, మ్యూజియంలలో, అదిగో ఆ తాతగారి లాంటివాళ్ళ ఇళ్ళల్లో మిగిలిన ముక్కలు మిగిలాయి. ఇప్పుడు చాలామంది వెండి బిళ్ళలు వరసగా కట్టిన పట్టీయో, మెషిన్ మీద కుట్టిందో కొనుక్కుంటున్నారు.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదండీ. అక్కడ ఆ పని ఆగిపోయింది మనుషుల్ని లేకుండా చేసేస్తే. మన దగ్గర మనుషులందరూ బాగున్నారు, పెళ్ళిళ్ళు ఒకదాన్ని మించి ఒకటి జరుగుతున్నాయి, మూడులాంతర్ల దగ్గర బట్టల షాపుల్లో శ్రావణమాసం వస్తే కాలు పెట్టే సందు ఉండదు, శ్రీకాకుళంలో అయినా అంతే, అయినా సరే మన కళ్ళ ముందే లోహపు దారం పని పోతోంది. ఎందుకంటే వేసుకునేవాళ్ళు అడగడం మానేశారు. రంగు అడుగుతారు, డిజైన్ అడుగుతారు, ఎప్పటికి ఇస్తావు అని అడుగుతారు, ఇది ఏ జరీ అని మాత్రం అడగరు.

జరీ అంటే ఒక్కటి కాదు. అసలు జరీ అంటే వెండి తీగని రేకుగా సాగదీసి పట్టుదారం మీద చుట్టి, పైన బంగారం పూత పెడతారు, సూరత్ నుంచి వస్తుంది ఎక్కువగా. దాని తర్వాత రాగి తీగకి వెండి పూత పెట్టింది. ఆ తర్వాత ప్లాస్టిక్, అంటే పాలిస్టర్ పొర మీద మెరుపు పూత. గీకితే లోపల తెల్లగా వెండి కనిపిస్తే మొదటిది, ఎర్రగా రాగి కనిపిస్తే రెండోది, పోగు కొస మంట దగ్గర పెడితే ముడుచుకుపోయి ముద్ద అయితే మూడోది. ప్లాస్టిక్ వాడటం తప్పని నేను అనట్లేదు, తక్కువ డబ్బులో మెరుపు కావాలంటే అదే పెట్టాలి, బరువు ఉండదు, నల్లబడదు, రోజూ వాడే వాటికి నేనూ అదే వేస్తాను. కాకపోతే అదేంటో చెప్పి వెయ్యాలి కదా. ఒక పెద్ద షాపులో అసలు జరీ పని అని చెప్పి అమ్మిన బ్లౌజ్ ఒకటి రిపేరుకి నా దగ్గరకి వచ్చింది, పోగు తీసి మంట దగ్గర పెడితే ముద్దయిపోయింది, ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను, వాళ్ళ నాన్న గారు అప్పు చేసి కొన్నారట. బిల్లు తీసి చూస్తే బ్లౌజ్, డిజైనర్, అని ఉంది అంతే.

ఇంకో పక్క అసలు వెండి జరీ ఉన్న పాత చీరలు ఏమవుతున్నాయో మీకు తెలుసు, పాత పట్టుచీరలు కొంటాం అని వీధుల్లో అరుచుకుంటూ వస్తారు, మన అమ్మమ్మల చీరలు తూకానికి ఇచ్చేస్తాం, వాళ్ళు తగలబెట్టి వెండి తీసుకుంటారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ లో గొప్పింటి ఆడవాళ్ళు కూడా పాత కోట్ల నుంచి బంగారు పోగులు లాగి అమ్ముకునేవాళ్ళట, అదో కాలక్షేపం వాళ్ళకి. లోహం విలువ మిగులుతుంది, చేసిన పని విలువ బూడిద అవుతుంది. ఆ టాలిట్ తాతగారి ఇంట్లో అలా జరగలేదు. బట్ట చిరిగిపోతే అటారా విప్పి కొత్త టాలిట్ కి కుట్టుకుంటారు, నాన్నది కొడుక్కి, కొడుకుది మనవడికి. మన ఇళ్ళల్లో కూడా పాత చీర జరీ అంచు తీసి కొత్త చీరకి వేయించుకునే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, ఇప్పుడూ అక్కడక్కడా తెస్తారు నా దగ్గరికి, వాళ్ళొస్తే నాకు పండగే.

అది చూశాకే నాకు ఒక ఆలోచన వచ్చి అడిగినవాళ్ళకి చేసి ఇస్తున్నాను. మగ్గం వర్క్ నేరుగా బ్లౌజ్ గుడ్డ మీద చేస్తే, ఆ గుడ్డ చంకల దగ్గర పోయినా, మనిషి కొంచెం లావైనా, అంత పనీ బీరువాలో పడి ఉంటుంది. అదే గట్టి గుడ్డ మీద విడి పట్టీలుగా చేసి, మెడకి చేతులకి పైకుట్టు వేస్తే తర్వాత విప్పి ఇంకో బ్లౌజ్ కి వేసుకోవచ్చు, కూతురికి ఇవ్వొచ్చు. పని కొంచెం ఎక్కువ, ధర కూడా కొంచెం ఎక్కువ, కానీ అలాంటి వాటికి మంచి జరీ పెట్టమని కస్టమరే అడుగుతోంది, ఎందుకంటే అది ఉండిపోతుందని తనకి తెలుసు కాబట్టి. పొందూరు ఖద్దరు మీద ఇలాంటి పట్టీ వేసి చూశాను. వాలుగ చేప దవడతో పత్తి ఏకి వడికిన అంత సన్న నూలు బట్ట అది, దాని మీద బరువు పని నేరుగా పెడితే లాగేస్తుంది, విడి పట్టీ అయితే చక్కగా నిలబడింది. శ్రీకాకుళం జిల్లా బట్ట, విజయనగరం పని, రెండూ కలిపి అమ్మే షాపు ఒక్కటైనా ఉంటే బాగుండు.

పరాయి వాళ్ళ సంగతి మనకెందుకు అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళు మనకి అంత పరాయి కూడా కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు, 1991 నుంచి వాళ్ళకి ప్రార్థన మందిరం ఉంది. కొచ్చిలో 1568 నాటి యూదు మందిరం ఉంది, ఆ వీధిలోనే సారా కోహెన్ అనే ఆవిడ ఎంబ్రాయిడరీ షాపు నడిపేవారు, యూదు టోపీలూ, పండగ రొట్టె మీద కప్పే గుడ్డలూ కుట్టేవారు, 2019లో 96 ఏళ్ళకి చనిపోయారు. ఆవిడ్ని చివరి వరకూ కన్నతల్లిలా చూసుకుని, ఆ తర్వాత షాపు నిలబెట్టింది తాహా ఇబ్రహీం అనే ముస్లిం. నాకు పని నేర్పిన భాయ్ కూడా ముస్లిమే, ఆయన చేత్తో ఎన్ని అమ్మవార్ల చీరలకి పని చేశాడో.

ఇక మీకు నా విన్నపాలు. బ్లౌజుల మీద, చీరల మీద పేజీ వేసినప్పుడు హీరోయిన్ పేరు పక్కన అది ఏ జరీ, చేతి పనా మెషిన్ పనా, ఏ ఊళ్ళో చేశారు అని ఒక లైను వెయ్యండి, ఒప్పుకుంటే చేసినవాళ్ళ పేరు కూడా వెయ్యండి. మీరు రాస్తే కస్టమర్లు షాపులో అడుగుతారు, కస్టమర్లు అడిగితే షాపులు బిల్లు మీద జరీ రకం రాస్తాయి, ఇంకో దారి లేదు. ఉచితంగా కుట్టు నేర్పే సెంటర్లలో మెషిన్ తో పాటు ఆరి, జర్దోసి కూడా నేర్పాలని కలెక్టర్ గార్లకి మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను, నేర్పడానికి నేను వస్తాను, జీతం అక్కర్లేదు, దారం ఇస్తే చాలు. బొబ్బిలి వీణకి, బుడితి ఇత్తడికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి పనే అనే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది కాబట్టే బయట వాళ్ళు పేరు పెట్టి అడుగుతున్నారు, మా సందుల్లో పనికి అలాంటి పేరు రావడానికి ముందు ఎంతమంది చేస్తున్నారో, ఎవరికి ఏ పని వచ్చో లెక్క రాసే మనిషైనా కావాలి, అది మీ విలేకరులు చెయ్యగలరు. పైడితల్లి అమ్మవారికి, అరసవిల్లి స్వామికి, శ్రీకూర్మం స్వామికి పట్టువస్త్రాలు మొక్కుకునే భక్తులు ఎక్కడో కొనే బదులు జరీ పని ఇక్కడి చేతుల చేత చేయించండి, దగ్గర కూర్చుని చూసుకోవచ్చు కూడా.

పిన్ని వాళ్ళమ్మాయికి నేను చెప్పింది కూడా రాస్తాను, ఇంట్లో పాత జరీ ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. లేచిన పోగు కత్తిరించొద్దు, లాగొద్దు, దాని చోట్లో పడుకోబెట్టి అదే రంగు సన్న పట్టుదారానికి మైనం రాసి మెల్లగా పట్టించాలి. నీళ్ళు తగలనివ్వొద్దు, సెంటు కొట్టొద్దు, ఇస్త్రీ చెయ్యాల్సి వస్తే వెనక వైపు నుంచి పైన గుడ్డ వేసి చెయ్యాలి. ప్లాస్టిక్ కవర్ లో పెట్టొద్దు, తెల్ల నూలు గుడ్డలో చుట్టాలి, పని ఉన్న చోట మడత పెట్టకుండా గొట్టానికి చుడితే ఇంకా మంచిది, కలరా ఉండలు దగ్గర పెట్టొద్దు. నల్లబడిందని చింతపండు పెట్టి తోమారో, ఇంక అంతే, పైన పూత పోతుంది, లోపలి దారం కుళ్ళుతుంది. మీ పేజీలో చోటు ఉంటే ఈ ముక్క ఒక్కటి విడిగా బాక్స్ కట్టి వేసినా చాలు.

ఇట్లు,
మగ్గం వర్క్ చేసే మీ పాఠకురాలు,
విజయనగరం.